పదకొండో గడి

టక్, టక్, టక్ అని వినబడింది. డ్రైవరు సన్యాసిరావు మోచేతి మడతలోంచి, రబ్బరు గొట్టంలోంచి, తిన్నగా తలలోకి. ఎవరో లోపల కూర్చుని చిన్న సుత్తితో రేకు మీద కొడుతున్నట్టు. కృపావతి చెయ్యి గాలి బంతి మీదే ఉండిపోయింది. పాదరసం దిగుతోంది, నూట నలభై, నూట ముప్ఫై, నూట ఇరవై, చప్పుడూ దాని వెంటే దిగుతోంది. తొంభై దగ్గరికొచ్చేసరికి సుత్తికి గుడ్డ చుట్టినట్టు మెత్తబడి, ఆగిపోయింది. తర్వాత ఏమీ లేదు. జీపు పైకప్పు గుడ్డ మీద చినుకులు, బయట గొడ్డళ్ళు, అంతే.

"ఎంతుందమ్మా? సెప్పవేటి? పోతానేటి నాను?" అన్నాడు సన్యాసిరావు. జీపు వెనక తలుపు దగ్గర కూర్చుని చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి ఉన్నాడు.

"నూట నలభై, తొంభై," అంది కృపావతి.

"ఉప్పుచేప తగ్గించు సన్యాసిరావూ," అన్నారు ముందు సీట్లోంచి సాయిదుర్గ మేడం, కాగితాల మీంచి తల ఎత్తకుండా.

"ఉప్పుసేప మానేత్తే ఈ ఘాటీలో బండెవుడు తోల్తాడు మేడం, మీరు తోల్తారేటి?" అని నవ్వుకుంటూ చొక్కా దించుకుని, పడిన చెట్టు దగ్గరికి వెళ్ళిపోయాడు.

గూడెం కొత్తవీధి దాటి కిందికి దిగే దారిలో రోడ్డుకి అడ్డంగా పనసచెట్టు పడింది. కాఫీ తోట కూలీలు నలుగురు నరుకుతున్నారు, గంట పడుతుందన్నారు. ఆ గంట గడవక సన్యాసిరావు బీపీ చూడమన్నాడు. నర్సు ట్రైనింగు బడి స్టెత్‌స్కోపు ట్రంకు పెట్టె అడుగున ఉండిపోతే మేడం తన సంచిలోంచి సొంతది తీసి ఇచ్చారు. కృపావతి దాన్ని చెవుల్లో పెట్టుకుంటూ ఉంటే అద్దంలో చూసి, "తిప్పి పెట్టుకోవే, చివర్లు ముక్కువైపుండాలి, ఏడాదిన్నర అయింది, ఇంకా ఇదేనా," అని మళ్ళీ కాగితాల్లో తల దూర్చారు. ఈగని తోలినట్టు అనేశారు. కృపావతి తిప్పి పెట్టుకుంది. అంతే జరిగింది. అది జరగకపోతే ఈపాటికి పక్కనున్న తన బ్యాచి పిల్ల రత్నాలుతో పాటు తనూ పనసముక్కల కూర గురించి మాట్లాడుతూ ఉండేది.

అంటే అందరికీ ఇదే వినబడుతోందన్నమాట. మొదటి రోజు నుంచీ. ఈ చప్పుడు ఉందన్నమాట, నిజంగా ఉంది, చెట్టు మీద గొడ్డలి ఉన్నంత నిజంగా. మరి తను ఇన్నాళ్ళూ విన్నదేమిటి? ఆ పాత స్టెత్‌స్కోపు, బిళ్ళ పగిలితే ఎక్స్‌రే ఫిల్ము ముక్క కత్తిరించి అంటించినది, అసలే అంతంతమాత్రం, దాన్ని వెనక్కి తిరగేసి పెట్టుకుంటే గొట్టంలో సముద్రం ఘోష లాంటిదేదో తప్ప ఏమీ రాదు. ఆ ఘోషలో పాదరసం కేసి చూస్తే ఒకచోట చిన్నగా వణుకుతుంది. ఆ వణుకు దగ్గర అంకె లోపల్నుంచి వచ్చేది. నూట పది. నూట పది, డెబ్భై. తను దాన్నే వినడం అనుకుంది. పిచ్చిదాని కన్నా పిచ్చిది. కాదు, పిచ్చి కాదు, తాత. బుధు తాత. చేటలో బియ్యం పోసి, జబ్బు మనిషి మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. చుట్టూ జనం ఊపిరి బిగబట్టి ఉండేవారు. చాలాసేపటికి కళ్ళు తెరిచి, వినబడింది, అనేవాడు. ఏ దేవతకి కోపం వచ్చిందో, ఏ కోడి ఇవ్వాలో చెప్పేవాడు. తను అతని తొడ మీద చెయ్యేసి అడిగింది ఒకసారి, ఏటి వినబడింది తాతా, నాకేటీ వినబడనేదు. నీకిప్పుడే వినబడదు గుంటా, అలవాటవ్వాల, అన్నాడు తాత. పదేళ్ళ తర్వాత తరగతి గదిలో ముప్ఫై మంది ఆడపిల్లల మధ్య స్టెత్‌స్కోపు చేతులు మారుతూ వచ్చినప్పుడు, ఎవరో వెనక వరసలోంచి సరిగ్గా వినబడటం లేదు మేడం అంటే, అలవాటైతే అదే వినబడుతుందమ్మా, అన్నారు సాయిదుర్గ మేడం. అవే మాటలు. కృపావతికి ప్రాణం లేచొచ్చింది. ఇది తనకి తెలిసిన విద్యే అనుకుంది. చెవితో కాదు, కూర్చుని, నిదానంగా చూస్తే, వచ్చే వినికిడి. మిగతా పిల్లలు తికమకపడుతుంటే తను ఒక్కతే తడుముకోకుండా నూట పది అంది. మేడం మెచ్చుకున్నారు కూడా.

బయట ఎవరో, "ఒరే, కొమ్మలు నాకు, మాను నీకు," అని అరుస్తున్నారు. ఇంకొకడు, "మాను మోసుకెళ్ళడానికి నీ మావ ఏనుగుని పంపుతాడేటి," అంటున్నాడు. నవ్వులు. గొడ్డలి మళ్ళీ మొదలైంది. పైకప్పు గుడ్డ ఒకచోట కారుతోంది, చుక్క చుక్కా వచ్చి మోకాలి మీద పడుతోంది. జరగడానికి చోటు లేదు. అటు ట్రంకు పెట్టె, ఇటు రత్నాలు, ఎదురుగా మందుల డబ్బాలు. పైన సిరిగొందిలో సోములమ్మ.

ఆ పేరు వచ్చింది. రాకుండా ఇందాకట్నుంచీ చుట్టూ తిరిగింది, పనసచెట్టు, తాత, బడి, కానీ వచ్చింది. నిన్న పొద్దున, సిరిగొంది రచ్చబండ దగ్గర, వరసలో ఆఖరున కూర్చుంది సోములమ్మ. ఎనిమిదో నెల. మొగుడు ధర్మ దూరంగా గొడుగు పట్టుకుని నిలబడ్డాడు, తనకేం సంబంధం లేనట్టు, కళ్ళు మాత్రం ఇటే. ఏటొదినా ఎలాగున్నావు అని అడిగితే, నెప్పేటీ నేదు గానీ తల దిమ్ముగుంటాది, కళ్ళకాడ మిణుగురులెగురుతన్నాయి పట్టపగలే, అని నవ్వింది. మెట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయి ఉన్నాయి. కృపావతి వంగి కాలి మీద బొటనవేలితో ఒత్తింది. గుంట పడింది. వేలు తీశాక కూడా ఆ గుంట అలాగే ఉంది, పిండిలో పడ్డట్టు, చాలాసేపు. ఆ గుంటని తను చూసింది. చూసి, ఇది బాగులేదు అనుకుంది. అమ్మతో పాటు పురుళ్ళకి తిరిగిన చేతులు అనుకున్నాయి, ఇలా వాచినవాళ్ళకే పురిట్లో ఫిట్సు వచ్చి ప్రాణం మీదికొస్తుందని. మూత్రం కాచి చూద్దామంటే దీపంలో స్పిరిట్ నిండుకుంది. అప్పుడు గుడ్డ పట్టీ చుట్టి, బంతి నొక్కి, గొట్టంలో ఘోష వింటూ, పాదరసం వణికిన చోటు చూసి, నూట పది, డెబ్భై మేడం, అంది. అయితే ఫర్వాలేదు, ఉప్పు తగ్గించి ఎడమవైపు పడుకోమను, అన్నారు మేడం, రిజిస్టరులో కింద సంతకం చేస్తూ. చేతులు అనుకున్నది ఆ అంకె కింద పడి చచ్చిపోయింది. తన వేలి కన్నా తన అబద్ధాన్నే తను నమ్మింది. దేవుడా. ధర్మ గొడుగు మూసి, దండం పెట్టాడు కూడా. అమ్మగారూ ఎల్లొత్తాం అన్నాడు. ఇరవై ఏళ్ళు నిండని తనకి.

ఈ చెట్టు తెగితే జీపు దిగిపోతుంది. చింతపల్లి, నర్సీపట్నం, హాస్టలు. ఈ వూళ్ళ తిరుగుడు నిన్నటితో అయిపోయింది. సిరిగొందికి నర్సు ఉద్యోగం ఖాళీగా ఉంది, మళ్ళీ ఎవరైనా వచ్చేది వచ్చే నెల. ఎనిమిదో నెల అప్పటికి తొమ్మిదిలో పడుతుంది. గొడ్డలి పడినప్పుడల్లా ఆ నెల దగ్గరికొస్తోంది. ఆగండి, మెల్లిగా నరకండి, అని అరవాలని ఉంది. అరిచి ఏం చెప్పాలి?

"ఒలే కృపా, ఏటలాగున్నావు? వాంతొత్తందేటి?" అంది రత్నాలు. రత్నాలుది సాలూరు. నోట్లో ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటుంది, ఇప్పుడు వేయించిన శనగలు.

"నేదే."

"మరి మొకం అలా పెట్టీసినావు? మన కాయితాల గురించేటి? నాను అన్నీ బాగా వచ్చు అని కొట్టీసినాను. సచ్చినా రాదు అని రాయకూడదు, మన కాయితం మనమే పాడుసేసుకుంటామేటి?"

కాగితాలు. అవే మేడం చేతిలో ఉన్నవి. ఆవిడ విశాఖపట్నంలో ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి, ఇకనుంచి నేను మార్కులు వేసే ముందు మిమ్మల్ని మీరే కొలుచుకోవాలి, అని సైక్లోస్టైల్ చేయించి పంచారు. ఇరవై నాలుగు పనులు, ఒక్కోదానికి ఒక గడి, గడిలో మూడు మాటలు, ఒకదానికి టిక్కు పెట్టాలి. బాగా వచ్చు. కొంత వచ్చు. రాదు. కింద, నా గురించి నేను రాసింది నిజం, అని ఒక గీత, దాని మీద సంతకం, తేదీ, రెండువేల సంవత్సరం. పొద్దున సంతకాలు అయిపోయాయి. కృపావతి చాలా ఆలోచించి పెట్టింది. పురుడు పోయడం దగ్గర రాదు అని పెట్టింది. అమ్మ వెనక దీపం పట్టుకుని ఎనిమిది పురుళ్ళు చూసింది, మూడింటికి తన చేతుల్లోకే బిడ్డ జారింది, ఒక బిడ్డ మెడకి చుట్టుకున్న పేగుని తనే తప్పించింది. అయినా పురుడు నాకు వచ్చు అని ఎవరైనా అంటారా? వాళ్ళ ఊళ్ళో అయితే ముసలి మంత్రసాని కూడా అనదు. కనేది తల్లి. పక్కన కూర్చున్నామంటారు, అంతే. వచ్చు అన్నవాళ్ళ చెయ్యి మరుసటి పురుడుకి చెడిపోతుందని భయం కూడా. అందుకని రాదు. బీపీ దగ్గర, పదకొండో గడిలో, బాగా వచ్చు. మేడం కాగితం తీసుకుంటూ ఆగారు. "నీకు పురుడు రాదా? పోయిన నెల వార్డులో నేను రాకముందే అంతా చేసేశావు కదే!" అన్నారు. కృపావతి తల వంచుకుంది. మేడం నవ్వి, "బీపీ మాత్రం బాగా వచ్చా, సరేలే, అది నిజమే," అన్నారు.

వచ్చింది రాదనీ, రానిది వచ్చుననీ. రెండూ తన చేత్తోనే. సిగ్గుతో ఒకటి, గర్వంతో ఒకటి. ఎవరూ తప్పు పెట్టలేదు. పొద్దున ఆ టిక్కు పెట్టినప్పుడు అది అబద్ధం కాదే. ఏసుప్రభువు మీద ఒట్టేసి పెట్టేది. ఇప్పుడు అదే టిక్కు, అదే సిరా, అబద్ధం. కాగితం మీద ఏదీ కదల్లేదు, మధ్యలో టక్ టక్ అని ఒక చప్పుడు వచ్చింది, అంతే. వినని చెవితో, నేను వింటున్నానా అని ఎలా అడగడం? కొలిచే కర్రే పొట్టిదైతే దాన్ని దేంతో కొలుస్తారు? అలా అయితే తప్పు తనది కాదు. తనకేం తెలుసు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ తన చెవులు చూడలేదు, పరీక్షలో కూడా. పరీక్ష తల్చుకుంటే ఇప్పుడు కూడా నవ్వొస్తుంది. పరీక్షలో బీపీ చూడటానికి కూర్చోబెట్టేది ఆస్పత్రి అటెండరు మంగరాజునే, ప్రతి బ్యాచికీ అతనే. మంగరాజు బీపీ నూట ముప్ఫై, ఎనభై అని పై బ్యాచి వాళ్ళు హాస్టలు గోడ మీద రాసి వెళ్ళారు. ముప్ఫై మందీ లోపలికి వెళ్ళి, గాలి కొట్టి, కాసేపు చెవులు రిక్కించి, నూట ముప్ఫై ఎనభై అని చెప్పి బయటికొచ్చారు. ముప్ఫై మందీ పాసు. మంగరాజుకి ఆ రోజు చెయ్యి వాచిపోయింది పాపం.

కాదు, నవ్వకు. తెలుసు నీకు. కొంచెం తెలుసు. మొదట్లో ఒకసారి రత్నాలు, గుర్రం నడిచినట్టు టకటకా భలే ఉంటాదే, అంది. నువ్వు అవును అన్నావు. గుర్రమేటి, ఘోష కదా, అని లోపల ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. రాత్రి పూట బావి దగ్గరికి వెళ్ళనట్టు. ఆ రోజు, ఏదీ నీ చెవులకి ఎలా పెట్టుకుంటావో చూపించవే, అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. కొండ గుంటకి స్టెత్‌స్కోపు పెట్టుకోవడం కూడా రాదు అని నవ్వుతారని అడగలేదు. మొదటి నెలలో స్విచ్చు వెయ్యడం తెలీక చీకట్లో కూర్చుంటే నవ్వారు, కుళాయి తిప్పడం తెలీక నీళ్ళు పోతుంటే నవ్వారు, ఇక చాలు అనుకుంది. తాత అయితే అడిగేవాడు. తాతకి కొన్ని రోజులు వినబడేది కాదు. మూడు కొండలు దాటి జనం వచ్చి కూర్చున్నా, చేట పక్కకి పెట్టేసి, ఇయాల నాకేటీ వినబడనేదు, ఆస్పత్రికి తీసుకుపొండి, అనేవాడు. వాళ్ళు కోపం తెచ్చుకోకుండా లేచి వెళ్ళేవారు. అమ్మ మాత్రం, వచ్చిన కోడి పోయిందని గొణిగేది. ఆ ముసలాడికి చదువు లేదు, చేటా బియ్యమూ ఉన్నాయి, తనకి చదువుంది, స్టెత్‌స్కోపుంది, ఒక్కరోజైనా వినబడలేదు అనలేదు.

చెప్తే ఏమవుతుంది? రిజిస్టరులో తను రాసినవన్నీ తప్పు. మూడు నెలలు, పద్దెనిమిది ఊళ్ళు, అన్నిట్లో నూట పది, నూట పద్నాలుగు, నూట ఎనిమిది. ఎంత జాగ్రత్తగా మార్చి మార్చి రాసిందో. చేత్తో నేసిన చాపలా. ప్రతి పేజీ కిందా మేడం సంతకం. తనని తీసేస్తారు. బడిలోంచి తీసేస్తే ఊరికి వెళ్ళి ఏం చెప్పాలి? మా కృప నర్సమ్మ అయిపోతంది, ఇక మనోళ్ళెవరూ డోలీలో సావరు, అని చర్చిలో నాన్న లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు, అందరూ హల్లెలూయా అన్నారు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. సోములమ్మకి అసలు మంచి బీపీయే ఉండి ఉండొచ్చు, నూట పదే ఉండొచ్చు. ఉండొచ్చు. పాదరసం వణికింది కదా. ఎక్కడ వణికింది? గుర్తు తెచ్చుకో. నూట పది దగ్గరేనా, నువ్వు నూట పది దగ్గరే చూడటం మొదలుపెట్టావా? ఇంకా పైన, నూట అరవై దగ్గర, ఒక చిన్న ఉలికిపాటు ఉందా లేదా? ఉందనిపిస్తోంది. ఇప్పుడు భయపడుతున్నావు కాబట్టి అనిపిస్తోందా? తెలీదు. మెట్టెలు. కాలి మీద గుంట. పట్టపగలు మిణుగురులు. ఆ మూడూ తెలుసు. వాటికి ఏ గొట్టమూ అక్కర్లేదు.

బయట పెద్ద చప్పుడైంది. మాను రెండు ముక్కలై లోయవైపు దొర్లింది, ఎక్కడో కింద రాళ్ళకి కొట్టుకుంటూ వెళ్ళింది. కూలీలు ఈలలేశారు. సన్యాసిరావు చేతులు దులుపుకుంటూ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "పదండి మేడం, బేగి దిగిపోదాం, మళ్ళీ ఇంకోటి పడకముందే." ఇంజను మొదలై జీపంతా వణికింది.

"మేడం," అంది కృపావతి.

ఇంజను చప్పుడులో వినబడలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచింది, తల పైకప్పు ఇనుపచువ్వకి తగిలింది. "మేడం! సోములొదినకి నాను బీపీ సూడనేదు."

సాయిదుర్గ మేడం వెనక్కి తిరిగారు. "చూశావు కదే, నా ముందే. నూట పది, డెబ్భై."

"సెప్పినాను మేడం. వినబడనేదు. నాకెప్పుడూ వినబడనేదు. గొట్టం తిరగేసి ఎట్టుకునేదాన్ని. ఇందాక మీరు తిప్పమన్నారు కదా, అప్పుడే, సన్యాసన్న సెయ్యి కాడ, అదే మొదటిపాలి."

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ మేడం."

"మరి రిజిస్టరు…" అని ఆగిపోయారు మేడం. ఒళ్ళో ఉన్న రిజిస్టరు మీద చెయ్యి పెట్టారు, అది లేచి ఎగిరిపోతుందేమో అన్నట్టు. ముఖంలో కోపం కోసం వెతికింది కృపావతి. కోపం వస్తే బాగుండును. కోపం లేదు. ఆవిడ పేజీ తిప్పి, కింద తన సంతకం చూసుకున్నారు, ఇంకో పేజీ, ఇంకో సంతకం. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయారు. సన్యాసిరావు ఇంజను ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు.

"కాళ్ళు ఎలా ఉన్నాయి ఆవిడవి? నిజం చెప్పు."

"ఒత్తితే గుంట పడిపోనాది మేడం. ఎంతసేపటికీ పూడనేదు. తల దిమ్ము, కళ్ళకాడ మిణుగురులు. మీకు సెప్పబోనాను గానీ… అంకె బాగుందని మానేసినాను."

రత్నాలు నమలడం ఎప్పుడో మానేసింది. "మేడం," అంది శనగలు పక్కకి పెట్టేసి, "నా కాయితం ఓపాలి ఇత్తారా?"

"నీకేం వచ్చింది మళ్ళీ?"

"పై సప్పుడు వినబడతాది మేడం నాకు, బాగానే. కింద ఎక్కడాగిపోద్దో… అది మాత్రం ఉజ్జాయింపుగా…"

మేడం రిజిస్టరు మూసేశారు. కాగితాల కట్టంతా రత్నాలు ఒళ్ళో పడేశారు. "బండి తిప్పగలవా సన్యాసిరావూ?"

"ఈడ తిప్పితే లోయలోకే మేడం. కింద మలుపుకాడికి దిగి తిప్పుకు రావాల. ఓ ముప్పావుగంట."

"అయితే దిగి తిప్పుకుని సిరిగొంది రా, సోములమ్మని ఆస్పత్రికి దింపాల్సొస్తే బండి కావాలి. రత్నాలూ నువ్వు బండిలోనే రా, ధర్మ దారిలో కనిపిస్తే ఎక్కించుకోండి. కృపా, అడ్డదారి తెలుసా?"

"తెలుసు మేడం."

కాఫీ మొక్కల మధ్య నుంచి, మిరియాల తీగ పాకిన చెట్ల కింద నుంచి ఎక్కే దారి. తడి ఆకుల మీద కాలు జారుతోంది. కృపావతి బీపీ డబ్బా నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది, ఒక చేత్తో మేడం చెయ్యి పట్టుకుని లాగుతూ. మేడం చెప్పులు ఎప్పుడో తీసి కొంగులో మూటకట్టుకున్నారు. ఆయాసం ఎక్కువగా ఉంది ఆవిడకి. వెనక కింద జీపు మలుపు దాకా దిగుతున్న చప్పుడు కొంతసేపు వినిపించి చెట్లలో కలిసిపోయింది. నన్ను తీసేస్తారా మేడం అని అడగాలనుంది. అడగలేదు. మిగతా పదిహేడు ఊళ్ళ సంగతి మేడం కూడా ఎత్తలేదు. ఎత్తకపోయినా అవి వెనకే నడిచి వస్తున్నట్టున్నాయి, ఒక్కో ఊరూ, ఒక్కో ఆడమనిషీ, నోరెత్తకుండా.

ఊరి పైకప్పులు కనబడే ఎత్తు దగ్గర మేడం ఆగారు. చెట్టుకి చేరబడి, ఊపిరి కూడదీసుకుని, కాళ్ళకేసి చూసుకుంటూ, తనలో తను అన్నట్టు, "ఎంతుంటుందంటావు కృపా?" అన్నారు.

నూట పది అని వచ్చేసింది. నాలుక చివరిదాకా, దానంతటదే, ఎవరూ పిలవకుండా. కృపావతి పళ్ళు బిగించి దాన్ని లోపలికి మింగింది.

"తెలీదు మేడం. సూడాల," అని డబ్బా సర్దుకుని ఎక్కసాగింది.